పాత కారు తోలు బాగుచేద్దాం



ఈ పాఠం ఒక చేతిపని గురించి. పాత కారు లోపలి తోలును బాగుచేసే పని ఇది. "మనకు కారే లేదు. ఈ పాఠం మనకెందుకు?" అంటారేమో. కారు మనది కాకపోవచ్చు. కాని పని మనది. కూలి మనది.

నేను చిక్కడపల్లిలో సాయంత్రం పూట చదువు చెబుతాను. మా కేంద్రానికి ఒక అక్క వస్తుంది. నారాయణగూడలో సీటు కవర్లు కుట్టే చిన్న షాపులో ఆమె పని చేస్తుంది. అశోక్‌నగర్ నుండి ఒక పాత కారు ఆ షాపుకు వచ్చింది. సీటు తోలు మురికిగా ఉంది. తుడవమని ఆమెకు చెప్పారు. అక్కడ రెండు సీసాలు ఉన్నాయి. రెండూ ఒకే తీరుగా ఉన్నాయి. ఒకటి సబ్బు నీళ్లు. ఇంకొకటి థిన్నర్. ఆమె థిన్నర్ తీసి రుద్దింది. తోలు రంగు ఊడి గుడ్డకు వచ్చింది. కూలిలో 600 రూపాయలు కోత పడింది.

"సదువు వచ్చివుంటే నా పైసలు పోకుండె టీచరమ్మా!" అని ఆమె ఏడ్చింది.

ఆ మరునాడే ఆమె పలక పట్టింది.

తోలు అంటే ఏమిటి?

పచ్చి తోలు ఊరికే ఉంచితే కుళ్లిపోతుంది. కుళ్లకుండా దాన్ని పదును చేస్తారు. మన తంగేడు చెట్టు బెరడులో వగరు ఉంటుంది. ఆ వగరు తోలును గట్టిపరుస్తుంది. బతుకమ్మలో పేర్చే తంగేడు పువ్వు ఈ చెట్టుదే. ఇప్పుడు ఎక్కువగా క్రోమియం అనే రసాయనంతో పదును చేస్తారు. తోలు మీద పరిశోధన చేయడానికి 1948లో మద్రాసులో ఒక కేంద్ర సంస్థను పెట్టారు. మద్రాసునే ఇప్పుడు చెన్నై అంటున్నాం.

తోలులో కొంత నూనె, కొంత తేమ ఉంటాయి. అందుకే అది మెత్తగా వంగుతుంది. ఎండలో నిలిపిన కారు లోపల వేడి బాగా పెరుగుతుంది. తేమ పోతుంది. తోలు గట్టిపడుతుంది. పగుళ్లు వస్తాయి. చెమట, మురికి పైరంగును తినేస్తాయి.

తోలా? రెగ్జినా?

ముందు ఇది తెలుసుకోవాలి. అంబాసిడర్ కార్ల తయారీ 2014లో ఆగిపోయింది. ఆ కార్లలో చాలావాటికి రెగ్జిన్ సీట్లే ఉండేవి. అంచు విప్పి వెనక వైపు చూడండి. నూగులాగా పీచు ఉంటే తోలు. నేసిన బట్ట ఉంటే రెగ్జిన్. కింద చెప్పే పద్ధతి తోలుకు మాత్రమే.

బాగుచేసే పద్ధతి

1. మెత్తని బ్రష్‌తో దుమ్ము దులపండి.

2. తేలిక సబ్బు నీళ్లలో గుడ్డ ముంచి, గట్టిగా పిండి తుడవండి. తోలును తడపకండి. ముందుగా కనబడని చోట తుడిచి చూడండి. రంగు గుడ్డకు అంటకపోతేనే ముందుకు పోండి.

3. నీడలో ఆరనివ్వండి. ఎండలో పెట్టకండి.

4. కుట్టు తెగిందా? పాత రంధ్రాల్లోనే మళ్లీ కుట్టండి. బట్టలో సూది రంధ్రం సర్దుకుంటుంది. తోలులో సర్దుకోదు. కొత్త రంధ్రాలు వేస్తే తోలు అక్కడే చినుగుతుంది. నైలాన్ దారం వాడండి.

5. చినిగిన చోట లోపల బట్ట ముక్క పెట్టి, వంగే జిగురుతో అతికించండి.

6. పగుళ్లు ఉన్నచోట కొంచెం స్పిరిట్‌తో జిడ్డు తీయండి. 600 నంబరు ఎమరీ కాగితంతో మెల్లగా రుద్దండి. తోలు ఫిల్లర్ అనే ముద్దను పలుచగా పూయండి. ఆరాక మళ్లీ పూయండి. ఒకేసారి మందంగా పూస్తే ఊడిపోతుంది.

7. తోలు రంగును స్పాంజితో పలుచగా మూడు నాలుగు సార్లు అద్దండి. ప్రతిసారి ఆరనివ్వండి. బూటు పాలిష్ వాడకండి. అది కూర్చున్నవారి బట్టలకు అంటుతుంది.

8. చివర పైపూత వేయండి. అది పూర్తిగా ఆరాక తోలు క్రీమ్ కొంచెం రాయండి. క్రీమ్ ముందే రాస్తే రంగు పట్టదు.

కొబ్బరినూనె రాయవద్దు. తోలు నల్లబడుతుంది, దుమ్ము పడుతుంది. తోలు ఎర్రగా పొడిపొడిగా రాలుతుంటే అది ఇక బాగుకాదు. ఆ ముక్క మార్చాలి. ఆ మాట యజమానికి ముందే చెప్పండి.

జాగ్రత్త! స్పిరిట్, థిన్నర్ మంటను త్వరగా అందుకుంటాయి. పొయ్యి దగ్గర ఉంచకండి. తలుపులు తెరిచి పని చేయండి. పిల్లలకు అందకుండా దాచండి.

తరువాత ఏమయింది?

సీసాల మీద ఇంగ్లీషు అక్షరాలే ఉన్నాయి. ఏ సీసాలో ఏముందో అక్క షాపులో అడిగి తెలుసుకుంది. తానే తెలుగు చీటీలు రాసి అతికించింది. "సబ్బు నీళ్లు", "రంగు", "థిన్నర్ - తోలుకు వద్దు". ఇప్పుడు షాపులో అందరూ ఆ చీటీలే చూస్తున్నారు.

ఆ మధ్య ఇంకొక పాత కారు వచ్చింది. అక్క రెండు రోజులు పని చేసింది. కూలి పుస్తకంలో 1,400 రూపాయలు అని తానే చదువుకుంది. ఇదివరకు వేలిముద్ర వేసేది. ఈసారి సంతకం చేసింది.

లెక్క చేయండి (ధరలు ఉదాహరణకు మాత్రమే)

దారం 40 రూపాయలు. జిగురు 120 రూపాయలు. రంగు 350 రూపాయలు. పైపూత 250 రూపాయలు. రోజుకు 700 రూపాయల చొప్పున రెండు రోజుల కూలి. మొత్తం ఖర్చు ఎంత?

జవాబులు చెప్పండి

1. తోలును, రెగ్జిన్‌ను ఎట్లా గుర్తుపడతారు?
2. పాత రంధ్రాల్లోనే ఎందుకు కుట్టాలి?
3. మీ ఇంట్లో ఏయే సీసాల మీద చీటీలు లేవు? ఈ రాత్రే రాసి అతికించండి. రేపు కేంద్రంలో వాటి పేర్లు చదివి వినిపించండి.