ఆపినా ఆగని కరెంటు

కంప్యూటర్‌ను షట్‌డౌన్ చేసినంత మాత్రాన కరెంటు వాడకం ఆగదు. ఏటీఎక్స్ పవర్ సప్లై నుంచి మదర్‌బోర్డుకు ఊదారంగు తీగ ఒకటి వెళుతుంది. గోడ స్విచ్ వేసి ఉన్నంతసేపూ అందులో 5 వోల్టులు సిద్ధంగా ఉంటాయి. బటన్ నొక్కగానే యంత్రం మేల్కొనేది దానివల్లే. ఈ స్టాండ్‌బై వాడకం ఒక్క వాట్ అనుకున్నా ఏడాదికి 8.76 యూనిట్లు. ఇంత కొద్దిదానికి నిబంధనలెందుకని కొందరంటారు. కోటి యంత్రాలు కలిస్తే అది రేయింబవళ్లు 10 మెగావాట్ల భారం, అదీ ఏ పనీ జరగకుండానే! అంతర్జాతీయ ఇంధన సంస్థ 1999లో ‘ఒక వాట్’ లక్ష్యాన్ని ముందుకు తెచ్చింది ఇందుకే. ఐరోపా సమాఖ్య 2008 నాటి నిబంధనతో ఆఫ్ స్థితికి 2010 నుంచి 1 వాట్, 2013 నుంచి 0.5 వాట్ పరిమితి పెట్టింది. స్టాండ్‌బై కొలతకు ప్రమాణం ఐఈసీ 62301.

వాడేవాళ్లే స్విచ్ కట్టేస్తే సరిపోదా అన్నది రెండో అభ్యంతరం. కట్టేయడం మంచిదే, తప్పక చేయాలి. కానీ కోట్లమంది రోజూ గుర్తుంచుకుంటారని నమ్మి కూర్చోవడం కంటే, తయారీలోనే సర్క్యూట్‌ను మెరుగుపరచడం ఖాయమైన దారి. స్విచ్ కట్టేస్తే కంప్యూటర్ గడియారం తప్పుతుందన్న భయమూ అక్కర్లేదు. మదర్‌బోర్డు మీది సీఆర్ 2032 బిళ్ల బ్యాటరీ దాన్ని ఏళ్ల తరబడి నడపగలదు.