నిల్వ - లభ్యత

పాఠ్యభాగ ఉద్దేశం: సమాచారాన్ని భద్రపరచడం ఎంత ముఖ్యమో, అది అవసర సమయంలో అందేటట్లు చూడటం కూడా అంతే ముఖ్యమని విద్యార్థులు గ్రహించడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

శారదానదీ తీరంలోని అనకాపల్లి బెల్లానికి పెట్టింది పేరు. అక్కడి మార్కెట్టు దేశంలోని పెద్ద బెల్లం విపణులలో ఒకటి. బెల్లం తేమను పీల్చుకొనే గుణం కలది. కనుక గిడ్డంగిలో పెట్టి తాళం వేసినంత మాత్రాన వర్తకుని బాధ్యత తీరదు. ఏ గదిలో ఇంకా చోటున్నది, ఏది నిండినది, ఏ గోడ చెమ్మగిల్లినది, ఏ సరుకు వేరొక చోటికి తరలినది - ఇవన్నీ లెక్కపుస్తకంలో ఉండాలి. సరుకు ఉండటం వేరు, అడిగిననాడు అందటం వేరు. సమాచారం విషయంలోను ఇదే సూత్రం వర్తిస్తుంది.

ప్రతులు తీసి జ్ఞానాన్ని కాపాడుకోవడం తెలుగువారికి కొత్త విద్య కాదు. తాటాకులకు చెదలు, తేమ బద్ధశత్రువులు. ఒక ప్రతి శిథిలం కాకముందే లేఖకులు మరొక ప్రతిని సిద్ధం చేసేవారు. 19వ శతాబ్దంలో సి.పి. బ్రౌన్ పండితులను నియమించి, ఊరూరా ఉన్న వ్రాతప్రతులను సేకరింపజేసి, సరిపోల్చి శుద్ధప్రతులు వ్రాయించాడు. ఆయన సేకరణ నేడు చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉన్నది. ఏ గ్రంథం ఏ అరలో ఉన్నదో తెలిపే పట్టిక ఉన్నప్పుడే అట్టి సంపద పాఠకునికి ఉపయోగపడుతుంది.

2022 ఏప్రిల్ 4న అనకాపల్లి కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడింది. నేడు రైతు అడంగల్, 1-బి మొదలైన భూమి వివరాలు కంప్యూటరులో నిక్షిప్తమై ఉంటున్నాయి. అట్టి వివరాలు చెడిపోతే రైతుకు బ్యాంకు రుణం మొదలు భూమి హక్కు వరకు అన్నీ చిక్కులే. అందుకే ముఖ్యమైన సమాచారానికి నకలు తీసి వేరొక యంత్రంలో దాచుతారు. ఆ యంత్రమే బ్యాకప్ సర్వర్. నకళ్ళను దాచే ఒక్కొక్క టేపును లేదా డిస్కు భాగాన్ని వాల్యూమ్ అంటారు. బెల్లం గిడ్డంగికి గది ఎట్టిదో, బ్యాకప్ సర్వర్‌కు వాల్యూమ్ అట్టిది.

ఐబీఎం సంస్థవారి స్టోరేజ్ ప్రొటెక్ట్ ఇట్టి పనికై రూపొందిన ప్రోగ్రాము. పూర్వం దీని పేరు టివోలి స్టోరేజ్ మేనేజర్. ఇందులో ప్రతి వాల్యూమ్‌కు లభ్యతను తెలిపే ఐదు స్థితులలో ఒకటి నమోదై ఉంటుంది. చదవడానికి, వ్రాయడానికి వీలైనది మొదటిది. చదవడానికి మాత్రమే వీలైనది రెండవది. వ్రాసేటప్పుడు దోషం కనబడిన వాల్యూమ్‌ను సర్వర్ ఈ స్థితికి మార్చగలదు. తాత్కాలికంగా అందనిది మూడవది. వేరొక ప్రదేశంలో భద్రపరచినది నాల్గవది. ధ్వంసమైనది ఐదవది. ధ్వంసమైనట్లు గుర్తించిన వాల్యూమ్‌లోని సమాచారాన్ని మరొక నకలు నుండి తిరిగి నిర్మిస్తారు.

ఈ స్థితులను నిత్యం పరిశీలించడం నిర్వాహకుని మొదటి కర్తవ్యం. అందని వాల్యూమ్ ఎందుకు అందలేదో తెలుసుకొని, లోపం సవరించి, తిరిగి వాడుకలోకి తేవాలి. ఖాళీచోటును కనిపెట్టి ఉండటం రెండవ కర్తవ్యం. గడువు తీరిన నకళ్ళు పోగా మిగిలినవాటిని వేరొక వాల్యూమ్‌కు చేరిస్తే పాత టేపు ఖాళీ అవుతుంది. చోటు లేనినాడు ఆ రాత్రి తీయవలసిన నకలు ఆగిపోతుంది.

నకలు ఎక్కడ ఉన్నదనేది మరొక ప్రశ్న. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం వద్ద తీరం దాటింది. రోజుల తరబడి విద్యుత్తు, టెలిఫోను సౌకర్యాలు స్తంభించాయి. విశాఖకు అనకాపల్లి 40 కిలోమీటర్ల లోపే. మూలం ఒక ఊరిలోను, నకలు రెండవ ఊరిలోను ఉన్నా ఒకే గాలివాన రెండింటినీ తాకగలదు. కనుక మూడు ప్రతులు ఉండాలని, అవి రెండు విధాల సాధనాలపై ఉండాలని, ఒకటి దూరప్రాంతంలో ఉండాలని నిపుణులు చెబుతారు.

ఈ నియమాన్ని విస్మరిస్తే కలిగే నష్టానికి దక్షిణ కొరియా ఉదాహరణ. 2025 సెప్టెంబరు 26న దేజాన్ నగరంలోని ప్రభుత్వ సమాచార కేంద్రంలో అగ్నిప్రమాదం జరిగింది. ప్రభుత్వోద్యోగులు తమ పత్రాలను దాచుకొన్న 858 టెరాబైట్ల నిల్వ దగ్ధమైంది. పరిమాణం మరీ పెద్దదన్న కారణంతో దానికి బయట నకలు ఉంచలేదు.

నకలు ఉన్నదని నమ్మడం కూడా చాలదు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఉద్యోగి పొరపాటున సుమారు 300 గిగాబైట్ల సమాచారాన్ని తొలగించాడు. అట్టి అత్యవసరం కలిగినప్పుడు చూస్తే, రోజూ తీస్తున్నామనుకొన్న నకలు తయారే కావడం లేదని బయటపడింది. సుమారు ఆరు గంటల ముందు వేరొక పనికై తీసిన నకలు దొరకడం వలన చాలావరకు కోలుకొన్నారు. అప్పుడప్పుడు నకలును తెరిచి, మూలంతో సరిపోల్చి చూడటమే దీనికి మందు. నాడు బ్రౌన్ పండితులు చేసినదీ ఆ పనియే.

కఠినపదాలు - అర్థాలు
విపణి: అంగడి, మార్కెట్టు
నిక్షిప్తం: దాచబడినది
శిథిలం: పాడైనది
లభ్యత: దొరికే వీలు
విస్మరించు: మరచు

అభ్యాసం
1. వాల్యూమ్ లభ్యతను తెలిపే ఐదు స్థితులను వివరించండి.
2. నకలును దూరప్రాంతంలో ఎందుకు ఉంచాలి?
3. ‘సరుకు ఉండటం వేరు, అడిగిననాడు అందటం వేరు’ - ఈ వాక్యాన్ని పాఠం ఆధారంగా సమర్థించండి.
4. విడదీసి సంధి పేరు వ్రాయండి: చోటున్నది, గ్రంథాలయం, అత్యవసరం.
5. విగ్రహవాక్యం, సమాసం పేరు వ్రాయండి: శారదానది, శుద్ధప్రతి, అగ్నిప్రమాదం.