రంగు పేపరు – జల్లెడ

ఊరి బడి ముందు తాటాకుల పందిరి వేశారు. ఆ రాత్రి మహిళా సంఘం వాళ్ల నాటకం. బాల్యవివాహం వద్దని చెప్పే నాటకం అది. మొదటి రంగంలో తెల్లవారుతుంది. తల్లి వాకిట్లో ముగ్గు వేస్తూ ఉంటుంది.

సాయంత్రం ఒకసారి ఆడి చూసుకున్నారు. లైటు తెల్లగా పడింది.

"తెల్లవారినట్టు లేదు. మిట్టమధ్యాహ్నంలా ఉంది" అన్నది సంఘం లీడరు. తల్లి వేషం ఆమెదే. మిఠాయి పొట్లానికి చుట్టిన పసుపు కాగితం తెచ్చి లైటుకు అంటించబోయింది.

"ఆగక్కా!" అన్నాడు లైట్ల అతను. "ఈ లైటు పొయ్యిలా కాలుతుంది. మామూలు కాగితం అంటుకుంటుంది. పైన తాటాకులు చూశావా?"

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

అతను స్విచ్చి ఆపాడు. లైటు చల్లారనిచ్చాడు. సంచిలోంచి నారింజరంగు పేపరు తీశాడు. దాన్ని జిలటిన్ పేపరు అంటారు. పూర్వం జిలటిన్‌తో చేసేవారు. ఇప్పుడు వేడికి తట్టుకునే ప్లాస్టిక్‌తో చేస్తున్నారు. పేరు మాత్రం పాతదే. పేపరును చట్రంలో పెట్టి, లైటుకు ఎడంగా బిగించాడు.

లైటు వేశాడు. వాకిట్లో లేత ఎండ పడినట్టయింది.

"పేపరు వెలుగుకు రంగు పూసిందా తమ్ముడూ?"

"లేదక్కా. తెల్లని వెలుగులో అన్ని రంగులూ ఉంటాయి. ఇంద్రధనుస్సులో కనబడేవి అవే. పేపరు జల్లెడ లాంటిది. నీలం రంగును ఆపుతుంది. ఎరుపు, పసుపు రంగుల్ని పోనిస్తుంది. కొంత వెలుగు ఆగిపోతుంది కాబట్టి లైటు కాస్త తగ్గుతుంది కూడా."

చివరి రంగానికి ఎర్ర పేపరు పెట్టారు. కూతురు వేషం కట్టిన పిల్ల ఆకుపచ్చ చీర నల్లగా కనబడింది. అందరూ బిత్తరపోయారు.

"ఆకుపచ్చ చీర ఆకుపచ్చ వెలుగునే మన కంటికి పంపుతుంది. ఎర్ర పేపరు ఆ వెలుగును ఆపేసింది. ఇక చీర ఏం పంపుతుంది?" అన్నాడతను.

రాత్రి ఆ పిల్ల పసుపు చీర కట్టుకుంది. నాటకం బాగా పండింది.

మరుసటి వారం లీడరు సంతకు వెళ్లింది. ఒక కొట్టు మీద ఎర్ర పట్టా కట్టి ఉంది. కింద టమాటాలు ఎర్రగా నిగనిగలాడుతున్నాయి. ఆమెకు లైటు ముందరి పేపరు గుర్తొచ్చింది. రెండు పండ్లు తీసుకుని ఎండలోకి నడిచింది. చూస్తే రెండూ దోరవే!

"పండిన ధర దోరకాయకు ఇవ్వను" అన్నది. కొట్టతను నవ్వి ధర తగ్గించాడు.

ఆలోచించండి

1. మిఠాయి కాగితం లైటుకు ఎందుకు అంటించకూడదు?
2. ఎర్ర వెలుగులో ఆకుపచ్చ చీర ఎందుకు నల్లగా కనబడింది?
3. రంగు లైట్ల కొట్లో చీర కొనేటప్పుడు మీరేం చేస్తారు?