దారిలో నిలబడ్డవాళ్ళకు ఓలిగలు

ముందు ఒక కాగితం తీసుకుని మనుషులను రాసుకోవాలి. బెల్లం, పిండి, పెనం తర్వాత. ఈ పని కాళ్ళ నొప్పులు తగ్గకముందే అయిపోవాలి. నొప్పి ఉన్నన్నాళ్ళూ దారి గుర్తుంటుంది, దారిలో ఎవరు ఏమిచ్చారో గుర్తుంటుంది. నొప్పి పోయాక మన మొండితనమే పెద్దదిగా కనబడుతుంది, మిగతావాళ్ళంతా చిన్నగా అయిపోతారు.

ఈ చలికాలం హిందూపురం నుంచి పెనుకొండ మీదుగా ధర్మవరం దాకా, రాత్రి పడుకోకుండా నడిచాను. సుమారు 80 కిలోమీటర్లు. మొక్కు లేదు, పందెం లేదు. నడవగలనా లేదా అన్నది తేల్చుకోవాలనిపించింది, అంతే. ఇలాంటి సొంత పంతానికి దారిలోవాళ్ళు సాయం చేయాల్సిన పనేమీ లేదు. అయినా చేశారు. ఫోన్లో ఒక మెసేజి పెట్టి ఊరుకోవడానికి నాకు మనసొప్పలేదు. వాళ్ళు చేత్తో ఇచ్చారు. తినేదీ తాగేదీ ఇచ్చారు. నేనూ చేత్తో చేసి, అదే దారిన పోయి, ఎవరి గడప దగ్గర వాళ్ళకు ఇవ్వాలనుకున్నాను. ఉగాదికైనా, వియ్యంకులు ఇంటికొచ్చినా మా వైపు పొయ్యి మీదికి ఎక్కేవి ఓలిగలే, అంటే బొబ్బట్లే. నడకో, పరుగో, సైకిలు యాత్రో పూర్తిచేసిన ఎవరికైనా పనికొస్తుందని ఆ పద్ధతి వరుసగా రాస్తున్నాను.

కాగితం మీద పేర్లు దారి వరుసలో రాయాలి. నాది ఇలా వచ్చింది: సోమందేపల్లి, ఎర్రమంచి దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ, పెనుకొండ, చెన్నేకొత్తపల్లి, అక్కడ 44వ నంబరు జాతీయ రహదారి వదిలి కుడికి తిరిగాక ధర్మవరం. పేరు తెలియకపోతే చోటు, వేళ రాసుకోవాలి. ‘రాత్రి షిఫ్టు దిగిన పిల్లలు, టార్చిలైటు’ అని ఒకటి. ‘దర్గా దారిలో టీ కొట్టు, కాళ్ళు చాపుకోవడానికి బల్ల’ అని ఒకటి. ఆ పక్కనే వాళ్ళు ఏమి తినకూడదో కూడా రాయాలి. తెలియకపోతే ఎవరినైనా అడిగి కనుక్కోవాలి. షుగరు ఉన్న మనిషి ముందు బెల్లపు ఓలిగ పెడితే ఆ మనిషి మొహమాటానికి తింటుంది, రాత్రికి బాధపడుతుంది.

పట్టికలో అందరూ మరిచిపోయేది ఇంటివాళ్ళను. మా అక్క, బావ స్కూటరు మీద రాత్రంతా ముందుకు పోయి ఆగడం, నేను చేరేదాకా చలిలో కూర్చోవడం, రాగి అంబలి పోయడం, మళ్ళీ ముందుకు పోవడం. వాళ్ళూ నిద్ర మానుకున్నారు. నడిచానన్న పేరు మాత్రం నాకు వచ్చింది.

మన దగ్గర పాదయాత్ర అంటే నాయకుల నడకే గుర్తొస్తుంది. చంద్రబాబునాయుడు 2012 అక్టోబరు 2న తన పాదయాత్ర మొదలుపెట్టింది హిందూపురం నుంచే. నాయకుడి నడకకు వెనక ఒక పార్టీ ఉంటుంది, ఎక్కడ ఆగాలో, ఏమి తినాలో చూసుకునేవాళ్ళు ఉంటారు. మామూలు మనిషి నడిస్తే దారి పక్కవాళ్ళే దిక్కు. ప్రపంచమంతటా ఇంతే. దక్షిణాఫ్రికాలో డర్బన్‌కూ, గాంధీని రైల్లోంచి దింపేసిన పీటర్‌మారిట్జ్‌బర్గ్‌కూ మధ్య దాదాపు 90 కిలోమీటర్ల కామ్రేడ్స్ పరుగు ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో పోయిన సైనికుల జ్ఞాపకంగా 1921లో మొదలైంది. పన్నెండు గంటల్లోపు పూర్తి చేయాలి. పొద్దున్నించి చీకటి పడేదాకా రోడ్డు పొడుగునా జనం నిలబడి, ముక్కూ మొహం తెలియని వాళ్ళకు తిండీ నీళ్ళూ అందిస్తారు. వాళ్ళు లేకపోతే చాలామంది గీత దాటలేరు.

సరే, పొయ్యి దగ్గరికి పోదాం.

బెల్లం హిందూపురంలోనే కొనాలి. చింతపండుకు, ఎండుమిర్చికి, బెల్లానికి, పట్టుగూళ్ళకు పేరుపడ్డ ఊరు అది. పచ్చగా మెరిసే బెల్లం వద్దు. ఆ రంగు కోసం వండేటప్పుడు హైడ్రోస్ అనే రసాయనం కలుపుతారు. ముదురు గోధుమరంగు ఉండి, విరిస్తే లోపల గింజలు కనబడేది తీసుకోవాలి. ఒక ముక్క నోట్లో వేసుకోవాలి. ఉప్పగా తగిలితే పక్కన పెట్టేయాలి. కిలో శనగబేడలకు కిలో బెల్లం. ఇంట్లో అప్పటికప్పుడు తినేటట్లయితే ముప్పావు కిలో చాలు కానీ ఇవి ప్రయాణం చేయాలి. తీపి ఎక్కువున్న పూర్ణంలో తడి బెల్లానికి కట్టుబడి ఉంటుంది, తొందరగా పులవదు.

పిండి ముందు కలపాలి, ఎందుకంటే అది నానాలి. ముప్పావు కిలో మైదా, పావు కిలో చిరోటి రవ్వ, చిటికెడు పసుపు, ఉప్పు. చపాతీ పిండి కన్నా బాగా మెత్తగా, చేతికి అంటుకునేటట్లు కలిపి, చెనిక్కాయ నూనె పోస్తూ పిసకాలి. పావు లీటరు దాకా తాగుతుంది. పైన కూడా నూనె పోసి మూతపెట్టి మూడు గంటలు వదిలేయాలి. నానిన పిండిని వేళ్ళతో లాగితే తెగకుండా సాగాలి. తెగిందంటే ఇంకో అరగంట. ఇక్కడ తొందరపడితే పెనం మీద పూర్ణం బయటికి వస్తుంది.

శనగబేడలు గంట నానబెట్టి, విశాలమైన గిన్నెలో, నీళ్ళు ధారాళంగా పోసి ఉడికించాలి. కుక్కరు వద్దు, బేడ ముద్దైపోతుంది. రెండు వేళ్ళ మధ్య నొక్కితే నలగాలి, నొక్కకపోతే విడివిడిగా ఉండాలి. అప్పుడు జల్లెడలో వంచి, కింద పడ్డ కట్టు దాచుకోవాలి. ఆ కట్టే ఓలిగచారు. చింతపండు రసం, చారుపొడి, ఒక ముద్ద పూర్ణం, కరివేపాకు, వెల్లుల్లి తిరగమోత. ఇది సంచిలో పెట్టుకుని పోయేది కాదు. ఓలిగలు చేసిన పూట, చేసిన ఇంట్లో, వేడన్నంలోకి పోసుకోవాలి. అందుకే మా అక్కనూ బావనూ ఆ పూట నా పొయ్యి దగ్గరికి పిలిచాను. పట్టికలో మొదటి పేర్లు వాళ్ళవి. వాళ్ళకు పొట్లం కట్టివ్వడం బాగుండదు. కూర్చోబెట్టి వడ్డించాలి. మా బావ చారు రెండోసారి పోయించుకున్నాడు, పెనుకొండ దాటాక నేను కూలబడిపోతానని రాత్రంతా భయపడ్డానని అప్పుడు చెప్పాడు. దారిలో ఆ భయం ఒక్క మాటలో కూడా బయటపెట్టలేదు.

బెల్లం కొద్దిగా నీళ్ళతో కరిగించి వడగట్టాలి, ఇసుక ఉంటుంది. ఆ పాకంలో ఉడికిన బేడలు వేసి సన్న సెగ మీద తిప్పుతూ ఉండాలి. మొదట పలుచబడుతుంది. కంగారుపడి పొయ్యి పెంచకూడదు. గరిటె నిలబెడితే పడకుండా నిలిచేదాకా ఉంచి దించాలి. గోరువెచ్చగా ఉన్నప్పుడే రుబ్బాలి, చల్లారితే బేడ గట్టిపడి పలుకులు మిగులుతాయి. రుబ్బురోలు ఉంటే మంచిది. మిక్సీలో అయితే చుక్క నీరు పోయకుండా కొంచెం కొంచెంగా. యాలకులు, కాస్త జాజికాయ. అరచేతిలో ఉండ చుడితే అంటకుండా రావాలి.

నిమ్మకాయంత పిండి, దానికి రెండింతల పూర్ణం. పిండిని వేళ్ళతో పలుచగా చేసి పూర్ణం పెట్టి మూసి, నూనె రాసిన అరిటాకు మీద మధ్య నుంచి అంచులకు తట్టుకుంటూ పోవాలి. అప్పడాల కర్రతో చేయవచ్చు కానీ చేత్తో తట్టినదే మెత్తగా ఉంటుంది. ఆకుతో సహా పెనం మీద బోర్లించి, ఆకు మెల్లగా ఒలిచి తీయాలి. మధ్యరకం సెగ. ఒకవైపు చుక్కలు పడ్డాక తిప్పితే పొంగుతుంది. కిలో బేడలకు 40కి పైగా వస్తాయి. అన్నీ ఒక్కరు చేయగలరు, నడుము పట్టేస్తుంది. 80 కిలోమీటర్లు నడిచినవాడికి అది లెక్క కాదు.

వేడి మీద ఒకదాని మీద ఒకటి పేర్చకూడదు. ఆవిరి పట్టి మర్నాటికి బూజు వస్తుంది. నూలు గుడ్డ మీద విడివిడిగా ఆరబెట్టి, పూర్తిగా చల్లారాక మోదుగాకు విస్తర్లలో చుట్టి దారం కట్టాలి. నెయ్యి రాయకూడదు, తినేవాళ్ళు వేసుకుంటారు. చలికాలంలో రెండు రోజులు నిశ్చింతగా ఉంటాయి. దూరం పోయేవాటికి వేరే ఉంది: వేయించిన చెనిక్కాయల పొడి, నువ్వులు, బెల్లం తురుము కలిపి, నీళ్ళు తగలకుండా చేసే చెనిక్కాయ ఓలిగ. వారం దాటినా చెడదు. హైదరాబాద్ నుంచి తెల్లవార్లూ ఫోన్లో మాట్లాడుతూ నన్ను మేలుకొలిపి ఉంచిన స్నేహితుడికి అవే పంపాను. కాయలు చెన్నేకొత్తపల్లివి. 1990లో అక్కడ మొదలైన టింబక్టు కలెక్టివ్ మూలంగా ఆ చుట్టుపక్కల రైతులు సేంద్రియ పద్ధతిలో పండిస్తున్నారు.

సోమందేపల్లి దగ్గర మజ్జిగ పోసిన అక్కకు షుగరు. ఆమెకు ఓలిగ చేయలేదు. వేయించిన చెనిక్కాయలు, ఎండుమిర్చి, వెల్లుల్లి, ఉప్పు రోట్లో దంచి పొడి చేసి సీసాకెత్తాను. ఆమె మజ్జిగ గురించి ఒక మాట చెప్పాలి. గంటల తరబడి నడిచేవాడికి చెమటతో ఉప్పు పోతుంది. దాహమేస్తోందని ఉత్త నీళ్ళే అతిగా తాగితే రక్తంలో సోడియం పలుచబడి తల తిరుగుతుంది, వాంతులవుతాయి, ప్రాణం మీదికీ వస్తుంది. ఓఆర్‌ఎస్ పొట్లంలో ఉప్పూ గ్లూకోజూ కలిపి పెట్టేది కూడా పేగు ఆ రెండింటితో పాటు నీటిని లోపలికి లాక్కుంటుంది కాబట్టే. ఆమె నా మొహం చూసి, అడక్కుండానే ఇంకో చిటికెడు ఉప్పు వేసి గ్లాసు ఇచ్చింది. పెనుకొండ దాకా నన్ను నడిపించింది ఆ గ్లాసే.

పంపకానికి బస్సులో పోవడం మంచిది. ప్రతి చోటా దిగి, కూర్చుని, మళ్ళీ ఎక్కాలి. వేళ చూసుకోవాలి. పెనుకొండలో బాబా ఫక్రుద్దీన్ దర్గా దారిలోని టీ కొట్టాయనకు రంజాన్ నెలలో అయితే పొద్దుగూకాకే ఇవ్వాలి. 1565లో తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు తరలివచ్చి నిలదొక్కుకున్న ఊరు అది. అలసిపోయి వచ్చినవాళ్ళకు చోటివ్వడం ఆ ఊరికి కొత్త కాదు. ధర్మవరంలో నేత ఇంటికి పోతే ఇంకో జాగ్రత్త. నేరుగా మగ్గం దగ్గరికి పోకూడదు. ఓలిగ నూనె పట్టుకు తగిలితే మరక పోదు, రోజుల కష్టం పాడవుతుంది. పైన ఇంకో గుడ్డ చుట్టి, వంటింట్లో ఇచ్చి, చేతులు కడుక్కున్నాకే మగ్గం గదిలోకి అడుగుపెట్టాలి. ఊళ్ళోకి వచ్చేసరికి బొబ్బలెక్కిన నా పాదాలకు వేడినీళ్ళు పెట్టించిన ఇల్లు అది. మగ్గం గుంతలో కాళ్ళు పెట్టి పొద్దస్తమానం కూర్చునే ఆయనకు పాదాల నొప్పి అంటే ఏమిటో చెప్పాల్సిన పని లేకపోయింది.

ఇచ్చేటప్పుడు మాట ఎలా చెప్పాలి? పెద్ద మాటలు వద్దు. వాళ్ళు చేసిన పని, దానివల్ల మనకు కలిగిన మేలు, రెండూ విడమరిచి చెప్పాలి. సోమందేపల్లిలో అక్క నన్ను గుర్తుపట్టలేదు.

‘‘ఎవరప్పా నువ్వు?’’

‘‘ఆ రోజు రాత్రి మజ్జిగ తాగి పోయినోన్ని అక్కా. నువ్వు వేసిన ఉప్పుతోనే పెనుకొండ చేరినా.’’

‘‘ఎంతమందికో పోస్తాంటానప్పా, యాడ గుర్తుంటుంది!’’ అని నవ్వి సీసా మూత తీసి వాసన చూసింది. ‘‘వెల్లుల్లి బాగా వేసినావే.’’

ఫొటో తీయమని అడగకూడదు. మెడల్ లాంటిదేమైనా ఉంటే ఇంట్లో వదిలిపెట్టి పోవాలి. ఒక ఖాళీ సంచి మాత్రం తప్పకుండా తీసుకుపోవాలి, ఎందుకంటే ఎవరూ వట్టి చేతులతో పంపరు. నిమ్మకాయలు, పచ్చి చెనిక్కాయలు, ఒక చోట అరడజను నాటుకోడి గుడ్లు వచ్చాయి. వద్దనకూడదు.

పట్టికలో ఒక గీత దగ్గర పేరు లేదు, చోటు మాత్రం ఉంది. చెన్నేకొత్తపల్లి మలుపు తిరిగాక, దీపాలు లేని రోడ్డు మీద, ఒకాయన బైకు నెమ్మది చేసి నా వెనకే వస్తూ హెడ్‌లైటు వెలుగులో నన్ను చాలా దూరం నడవనిచ్చాడు. తెల్లారుతుండగా చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు. బండికి రెండువైపులా క్యాన్లు వేలాడుతుండటం గుర్తుంది. మలుపు దగ్గర హోటలాయన్ని అడిగితే, పాలబండ్లు మూడు నాలుగు తిరుగుతాయని, తెల్లవారుజామున అన్నీ అక్కడే టీకి ఆగుతాయని అన్నాడు. ‘‘ఇచ్చి పో అన్నా, అడిగి చూస్తా.’’ ఎప్పుడు దొరుకుతాడో తెలియదు కాబట్టి ఆయన పొట్లంలో చెనిక్కాయ ఓలిగలు పెట్టాను.