ఉప్పునీటి ఒడ్డున దాహము

పాఠ్యభాగములు: యిర్మీయా 2:13, యోహాను 4:5-29, ఫిలిప్పీయులకు 4:10-13



మనలో గోదావరి జిల్లాలనుండి వచ్చినవారికి యానాం క్రొత్త ఊరు కాదు. వేసవిలో అక్కడ గౌతమి ఒడ్డున నిలిచి చూచినయెడల కనుచూపుమేర నీరే కనబడును. కాని పైనుండి వచ్చు ప్రవాహము తగ్గినప్పుడు సముద్రపు పోటు ఏటిలోనికి ఎక్కి ఆ నీరు ఉప్పనగును. దోసిలి నిండును గాని దాహము తీరదు. మన హృదయ స్థితియు ఒక్కొక్కప్పుడు ఇట్లే యుండును.

1. సమృద్ధిలో వెలితి

1723లో ఫ్రెంచివారు యానాంలో వర్తకము మొదలుపెట్టిరి. 1954లో వారి పాలన ముగిసెను. ఆ కాలమున చుట్టుప్రక్కల బ్రిటిషు ప్రాంతమువారు విదేశీ సరకుల కొరకు అక్కడి మంగళవారపు సంతకు వచ్చుచుండిరి. ప్రక్కనే కోరంగి ఓడలరేవు. తెలుగువారు ఆ రేవునుండి బర్మాకు ఓడలెక్కిరి. అందుచేతనే అక్కడ మనవారికి కోరంగీలని పేరు వచ్చెను. 1789లోను 1839లోను వచ్చిన తుఫానులు ఆ రేవును ఊడ్చివేసెను.

వారు ఓడలో వెళ్లిరి, మనము విమానములో వచ్చితిమి. ఆశ మాత్రము ఒక్కటే: అక్కడికి చేరితే చాలును. చేరితిమి. ఇల్లు, కారు, పిల్లల చదువులు దేవుడు దయచేసెను. అయినను రాత్రి తలుపు వేసికొన్న తరువాత ఏదో వెలితి. ఇంకొక గది, ఇంకొంత జీతము ఉన్నయెడల అది తీరునని తలంచుచున్నాము.

యిర్మీయా ద్వారా దేవుడు తన జనులమీద మోపిన నేరములు రెండు. ఊటను విడిచిపెట్టుట మొదటిది. బీటలువారిన తొట్లను తొలిపించుకొనుట రెండవది. ఇల్లు కట్టుకొనుట పాపము కాదు. ఊటను విడిచి, ఇల్లే ఊట అనుకొనుట పాపము. మేమును ఒప్పుకొనవలసినది ఒకటి కలదు. గాయకబృందము, వార్షికోత్సవము, ప్రేమవిందు, వీటితో క్యాలెండరు నింపుకొని, ఒకరినొకరము "మీ ఆత్మ ఎట్లున్నది?" అని అడుగక గడిపిన సంవత్సరములున్నవి. సంఘపు పనులు కూడ బీటల తొట్టి కావచ్చును.

2. దాహమెరిగిన ప్రభువు

సమరయ స్త్రీ మధ్యాహ్నపు ఎండలో కుండతో వచ్చెను. అలసి కూర్చున్న ప్రభువే మొదట ఆమెను నీరడిగెను. ఆయన ఆమె దాహమును గద్దింపలేదు. ఆమె ఇంతవరకు ఎక్కడ వెదకినదో చూపించెను. ఆమె కుండ విడిచి ఊరిలోనికి పరుగెత్తెను. కనుక వెలితిని దాచుకొనకుడి. అది సిగ్గుపడవలసినది కాదు, ఊట యొద్దకు పిలుచు పిలుపు. దుఃఖము వారాలు గడిచినను వదలక, నిద్రయు ఆకలియు పోయినయెడల, ప్రార్థనతోపాటు వైద్యుని సహాయమును పొందుడి; అది అవిశ్వాసము కాదు.

3. తృప్తి నేర్చుకొనవలసినది

ఫిలిప్పీ 4:13ను మనము గోడకు తగిలించి, ఉద్యోగము కొరకు, పరీక్ష కొరకు చదువుకొందుము. పై వచనములతో కలిపి చదువుడి. పౌలు బంధకములలో నుండి ఆకలిని గూర్చియు సమృద్ధిని గూర్చియు మాటలాడుచున్నాడు. క్రీస్తు ఇచ్చు బలము అన్నిటిని సంపాదించుటకు కాదు, ఏ స్థితిలోనైనను నిలుచుటకు. అది తాను నేర్చుకొన్నదని అపొస్తలుడే చెప్పుచున్నాడు. అట్లయితే మనమును నేర్చుకొనవచ్చును.

మనకు ముందు పరదేశమునకు వెళ్లిన తెలుగు బాప్టిస్టులు దీనిని ఎరుగుదురు. దక్షిణాఫ్రికాలోని నేటాల్ తోటలలో కూలిపని చేసినవారు తమకొక కాపరి కావలెనని స్వదేశమునకు కబురు పంపిరి. 1903లో నెల్లూరునుండి జాన్ రంగయ్యగారు వారియొద్దకు ఓడలో వెళ్లిరి. కూలి డబ్బులతో తీరని దాహమేదో వారెరిగిరి.

కుటుంబ ప్రార్థనలో ఆలోచించుటకు

1. "ఇది వచ్చినయెడల చాలును" అని మనము ఇప్పుడు దేనిని గూర్చి తలంచుచున్నాము?
2. దేశమునకు వచ్చిన మొదటి సంవత్సరముకంటె ఇప్పుడు మన ప్రార్థన పెరిగినదా, తగ్గినదా?
3. ఈ వారము ఎవరి ఆత్మక్షేమమును మనము విచారింపవలెను?

ప్రభువా, మా దోసిళ్లు నిండినను మా దాహము తీరలేదు. ఊటయైన నీయొద్దకు మమ్మును మరల త్రిప్పుము. ఆమేన్.