తేనెటీగల గుంపును పట్టుట, నిలుపుకొనుట



పూతకాలమున మామిడికొమ్మకో, వేపకొమ్మకో తేనెటీగల గుంపు గుమ్మడికాయవలె వ్రేలాడుచుండుట మీలో ననేకులు చూచియే యుందురు. పిల్లలు రాళ్లు రువ్వుదురు. పెద్దలు కాగడా వెలిగింతురు. గడియలో నీగలన్నియు మాడి నేలరాలును. ఆ గుంపునందు పిండుకొనుటకు తేనెయు లేదు, మైనమును లేదు. ఉన్నది యొక కాపురము మాత్రమే. కాల్చినవానికి మిగులునది బూడిద. పట్టి పెట్టెలో నిలిపినవానికి ఏటేట కొంత తేనెయు, దోస, గుమ్మడి, ఆవ, పొద్దుతిరుగుడు పైరులకు మంచి కాపును లభించును. అయితే గుంపును పట్టుట గడియపని, నిలుపుకొనుట యేడాదిపని. ఈ రెండవ పనియందే మనము తప్పుచున్నాము.

ఏ యీగను పట్టవలయును?

మన అడవులందును పొలములందును తిరుగు తేనెటీగలలో ముఖ్యమైనవి మూడు జాతులు. కొండతేనెటీగ పెద్దది, కోపము గలది. ఎత్తైన చెట్లకును కొండచరియలకును ఒకే పెద్దపట్టు కట్టును. చిరుతేనెటీగ పొదలలో అరచేతియంత పట్టు కట్టును. ఈ రెండును వెలుతురులో ఒంటిపట్టు కట్టునవి గావున పెట్టెలో నిలువవు. మూడవది పుట్టతేనెటీగ. ఇది చెట్టుతొఱ్ఱలలో, గోడకంతలలో, పాతపుట్టలలో చీకటియందు వరుసగా ననేకపట్లు కట్టును. పెట్టెకు తగినది ఇదియే. కొండతేనెటీగల గుంపు సైతము కొమ్మకు వ్రేలాడుట కలదు. ఈగ మిక్కిలి పెద్దదిగా కనబడినచో దాని జోలికి పోవలదు.

దక్షిణదేశమున 1911–1917 సంవత్సరముల నడుమ న్యూటన్ అను ఫాదిరీ పుట్టతేనెటీగకు సరిపడు పెట్టెను కల్పించి గ్రామస్థులకు ఈ విద్య నేర్పెను. ఆ పెట్టె ఆయన పేరిటనే నేటికిని వాడుకలో నున్నది. క్రింద పిల్లలగది, పైన తేనెగది, లోపల పైకెత్తి తీయదగిన చట్రములు. ఇదియే దాని స్వరూపము. చట్రమునకును గోడకును నడుమ అంగుళములో సుమారు మూడవవంతు సందు విడువవలయును. సందు హెచ్చయినచో ఈగ అచ్చట అడ్డుపట్టు కట్టును. తగ్గినచో రాకపోకలు సాగవు.

గుంపు ఎందులకు లేచును?

కాపురము నిండి, పూత విరివిగా నున్నప్పుడు కొత్తరాణి పుట్టకమునుపే పాతరాణి సగము పరివారముతో లేచిపోవును. ఇది వేరుకాపురము. కొన్ని దినములకు చిన్నగుంపులు మఱియొకటి రెండు లేచుట కలదు. వానియందుండునది జతకూడని కన్నెరాణి. ఇట్లుగాక ఆకలిచేతనో, చీమలబాధచేతనో, ఎండచేతనో కాపురమంతయు ఇల్లు విడిచిపోవుటయు నున్నది. అది వలస. పుట్టతేనెటీగకు ఈ వలసగుణము మెండు. దీనిని మఱవరాదు.

పట్టు విధము

వేరుపడి లేచిన గుంపు కడుపునిండ తేనె త్రాగి బయలుదేరును గావున సాధారణముగా శాంతముగా నుండును. ఇల్లు వెదకు ఈగలు తిరిగి వచ్చువఱకు, కొన్ని గడియలు మాత్రమే, కొమ్మపై విశ్రమించును. కావున ఆలస్యము చేయరాదు.

ముఖమునకు పలుచని గుడ్డ కప్పుకొని, శుభ్రమైన గంప లోపల నిమ్మగడ్డి నలిపి రుద్ది, గుంపునకు పైగా, అంచు తాకునట్లు బోర్లించి పట్టవలయును. క్రిందినుండి కొంచెము పొగ మెల్లగా ఊదినచో ఈగలు చీకటిని కోరి పైకి ప్రాకి గంపలో చేరును. గంపను నీడయందుంచి, సాయంకాలము పెట్టెలో దింపవలయును. రాణి లోపల పడినచో మిగిలినవి తామే వచ్చి చేరును; రాణి వెలుపల నున్నచో లోపలివియు మరల వెలుపలికి పోవును. గుంపంతయు రాణిచుట్టునే యుండునని గుర్తుంచుకొనుడు.

చెట్టు ఎక్కలేనివారు పాతకుండకు చిన్నకంత చేసి, లోపల తేనెమైనము పూసి, నీడగల కొమ్మకు కట్టియుంచవచ్చును. ఇల్లు వెదకు ఈగలు దానిని మెచ్చినచో గుంపు తానే వచ్చి దిగును.

మా యనుభవము

మొదట మేము పట్టిన గుంపును చింతచెట్టునుండి దింపి, సాయంకాలమే పెట్టెలో చేర్చితిమి. సంతోషము పట్టలేక మఱునాడు వచ్చినవారికెల్ల మూత తీసి చూపితిమి. మూడవనాటి యుదయమున పెట్టె వట్టిదయ్యెను. అచ్చటనున్న వృద్ధరైతు ఒకడు నవ్వి, "అయ్యా! కొత్తకోడలి గదిలోనికి పూటకొకసారి తొంగిచూచిన ఆమె పుట్టింటికి పోక యేమి చేయును?" అనెను. పుస్తకములు చెప్పినదానికన్న ఆ మాట మాకు ఎక్కువ నేర్పినది.

నిలుపుకొను విధము

గుంపును దించిన సాయంకాలమే పంచదార, నీరు సమపాళ్లుగా కాచి చల్లార్చి, పెట్టెలోపలనే పెట్టవలయును. బయట చిందినచో చీమలును, దోపిడియీగలును చేరును. బెల్లపుపాకము పనికిరాదు. వేఱొక పెట్టె యున్నవారు పిల్లపురుగులు గల చట్రమొకటి తెచ్చి యిచ్చినచో, ఈగలు ఆ పసిపిల్లలను విడిచి పోవుటకు సాధారణముగా ఇష్టపడవు. పాతరాణి గల పెద్దగుంపునకు మూడునాలుగు దినములు ద్వారమున రాణి గేటు పెట్టవచ్చును. చిన్నగుంపునకు పెట్టరాదు, కన్నెరాణి జతకూడుటకు బయటికి పోవలసి యుండును. ఆమెను నిర్బంధించినచో పోతుటీగలే పుట్టి కాపురము నశించును.

వారముదినములు పెట్టెను తెఱువవలదు. పిమ్మట వారము, పదిదినముల కొకసారి చాలును. అరలలో బియ్యపుగింజవలె సన్నని తెల్లని గ్రుడ్లు కనబడినచో కాపురము కుదిరినట్లే. పెట్టె నీడయందుండవలయును, కాళ్లను నీటిపళ్లెములలో నుంచవలయును, అడుగుపలకను తుడిచి, ఈగలు కప్పలేని పాతపట్లను తీసివేసినచో మైనపుపురుగు చేరదు. పూతలేని వానకాలమున మరల పంచదారపాకము పెట్టవలయును. పిల్లలగదిలోని తేనె ఈగలది. తేనెగదిలో మైనపుమూత పడినదే మనది. ఈ హద్దు మీరినవాని పెట్టె నిలువదు.

పూతమీదనున్న పైరుపై ఉదయమున పురుగుమందు చల్లరాదు. తప్పనిచో ఈగలు ఇల్లు చేరిన సాయంకాలమున చల్లుడు. ఇరుగుపొరుగు పెట్టెలవారికి ముందు చెప్పుడు.

ఒక రోగమును గూర్చి హెచ్చరిక. 1991–92 సంవత్సరములలో థాయ్ సాక్‌బ్రూడ్ అను వైరస్ రోగము దక్షిణదేశమున వ్యాపించి పుట్టతేనెటీగ కాపురములను పెక్కింటిని నశింపజేసెను. పిల్లపురుగు నీటితిత్తివలె ఉబ్బి అరలోనే చచ్చుట దీని గుర్తు. అట్టి పెట్టెలోని పట్టునుగాని తేనెనుగాని వేఱొక పెట్టెకు మార్చరాదు. నాడు తొఱ్ఱలలో బ్రతికి మిగిలిన కాపురములే ఈ జాతికి విత్తనమయ్యెను. మీ వేపకొమ్మపై దిగిన గుంపు అట్టి విత్తనపు సంతతి కావచ్చును. విత్తనమును కాల్చు రైతు కలడా?

కుట్టినచో ముల్లును గోటితో వెంటనే గీరి తీయుడు. ఊపిరాడకపోయినను, ఒడలంతయు దద్దురులు లేచినను తడయక ఆసుపత్రికి కొనిపోవుడు.

తేనెతీయు యంత్రమును, పొగడబ్బాను ఒక్కొక్కరు కొననవసరము లేదు. సంఘమున పదిమంది కలసి ఒక్కటి కొనినచో చాలును. ఈ యేడు పూతకు ముందే ఒక్కొక్క సభ్యుడు ఒక్కొక్క పెట్టెను సిద్ధపఱచి, తన వీథిలోని పిల్లలకు ఈ మాట చెప్పవలయునని మా ప్రార్థన: గుంపు కనబడినచో రాయి తీయవలదు, పెట్టెయున్నవానిని పిలువుడు.