చూపు బాగుంటే కన్ను బాగున్నట్టేనా?

అక్కలూ, చెల్లెళ్లూ, ఇవాళ షుగరున్నవాళ్ల కళ్ల గురించి మాట్లాడుకుందాం రండి. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ సర్వే లెక్క ప్రకారం మన దేశంలో షుగరున్నవాళ్లు 10 కోట్ల పైమాటే. మాత్రలు వేసుకుంటారు, తీపి తగ్గిస్తారు, రక్తం పరీక్షా చేయించుకుంటారు. కంటి పరీక్ష అనేసరికి మాత్రం, "నాకు బాగానే కనిపిస్తోందిగా, ఎందుకే ఇప్పుడు?" అంటారు మన అత్తయ్యలూ పిన్నులూ.

చిక్కంతా అక్కడేనమ్మా. షుగరు వల్ల కంటి వెనక రెటీనా పొరలోని సన్నటి రక్తనాళాలు దెబ్బతింటాయి. నొప్పి ఉండదు, మంట ఉండదు, మొదట్లో చూపూ తగ్గదు. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా చెవికెక్కదు. కంటికి కనబడాలి. అందుకే బొమ్మల కథ కావాలంటాను. అది మనకు కొత్తేమన్నానా? చేర్యాల నకాషీ పటాలు విప్పి కథలు చెబుతుంటే ఊళ్లకు ఊళ్లే కూర్చుని విన్నాయి.

నాలుగు బొమ్మలు చాలు. మొదటిదాంట్లో ఒక పెద్దమ్మ సూదిలో దారం ఎక్కిస్తూ, "నా చూపుకేం, భేషుగ్గా ఉంది" అంటుంది. పక్కనే రెండో బొమ్మలో అదే పెద్దమ్మ కంటి లోపల: నారింజ రంగు పొర మీద ఎర్రటి చుక్కలు, అక్కడక్కడ పసుప్పచ్చ మరకలు. చదువు రానివాళ్లకైనా ఇట్టే అర్థమైపోతుంది.

మూడోది ఆస్పత్రి. కంట్లో చుక్కల మందు వేసి, కంటిపాప పెద్దదయ్యాక, గడ్డం ఆనించమని లోపలి ఫొటో తీస్తారు. కోత లేదు, కుట్టు లేదు. కొన్ని గంటలు చూపు మసకబారుతుంది, ఎండ కళ్లలో గుచ్చుకుంటుంది. అందుకని పక్కన కోడలినో కొడుకునో తోడుగా గీయాలి. నాలుగోదాంట్లో డాక్టరమ్మ ఆ ఫొటో చూపించి, "మంచి సమయానికి వచ్చారు" అంటుంది. అవసరమైతే లేజరు చికిత్స, ఇంజెక్షన్లు ఉన్నాయి. అవి ఉన్న చూపును కాపాడతాయి, పోయిన చూపును పూర్తిగా వెనక్కి తేవడమే కష్టం.

చూపు పోయిన మనిషిని గీసి బెదిరించొద్దు తల్లీ. భయపడ్డవాళ్లు ఆస్పత్రికి ఇంకా దూరం జరుగుతారు. ధైర్యంగా వెళ్లి, నవ్వుతూ ఇంటికొచ్చిన మనిషినే గీయాలి.

కళ్లజోడు కోసం అక్షరాలు చదివించే పరీక్షతో సరిపెట్టుకోవద్దు. "షుగరు ఉంది, రెటీనా చూడండి" అని నోరు తెరిచి అడగండి. టైప్ 2 షుగరైతే బయటపడగానే ఒకసారి, తర్వాత ఏటేటా చూపించుకోవాలి. టైప్ 1 అయితే వచ్చిన అయిదేళ్లలోపు మొదలుపెట్టాలి. ముందునుంచే షుగరున్న చెల్లెళ్లు కడుపుతో ఉంటే తొలి నెలల్లోనే వెళ్లాలి.

మీ ఇంట్లో బొమ్మలేసే పిల్లలుంటే ఈ ఆదివారం ఈ నాలుగూ వేయించండి. మీ వీధి ఆశా కార్యకర్తకు ఒక కాపీ ఇవ్వండి. అత్తయ్యకు మాత్రం మీరే పక్కన కూర్చుని చూపించండి, ఆస్పత్రికి ఎప్పుడు వెళ్లేదీ అప్పుడే ఖాయం చేసుకోండి.